మొదటిసారి డీఓపీగా మండువా ఇంట్లో షూటింగ్: రోజును ఎలా నడపాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగేళ్లు అసోసియేట్‌గా చేశావు. సంక్రాంతి వెళ్లాక అమలాపురం దగ్గర ఒక పల్లెలో 26 రోజుల షెడ్యూల్. డీఓపీగా, అంటే ఛాయాగ్రాహకుడిగా, నీకిదే మొదటి సినిమా, డైరెక్టరుకీ ఇదే మొదటిది. సగానికి పైగా సీన్లు ఒకే మండువా ఇంట్లో, అంటే నడుమ ఆకాశం కనపడే లోగిలి, చుట్టూ వసారాలు ఉన్న పాత ఇంట్లో. "షాట్ పెట్టడం వచ్చు, లైటింగ్ వచ్చు, కానీ యూనిట్ మొత్తం నా మొహం చూస్తుంటే రోజంతా నడపగలనా అని భయంగా ఉంది" అన్నావు. ఏ కెమెరా తీసుకోవాలని కూడా అడిగావు. దానికి ఆఖర్న వస్తాను, తొందరేం లేదు.

భయం సంగతి ముందు తేల్చేద్దాం. ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కొబ్బరికాయ కొట్టే రోజు పొద్దున నాకు ఇడ్లీ దిగదు. అది పోదు. పోనక్కర్లేదు.

సెట్లో నీ దగ్గరికి రోజుకి రెండొందల ప్రశ్నలు వస్తాయి. అన్నీ తిరిగి తిరిగి రెండే: ఎటు చూస్తున్నాం, ఎప్పుడు చూస్తున్నాం. ఆర్ట్ వాళ్లకి ఏ గోడ సర్దాలో తెలియాలి, లైట్‌మెన్‌కి స్టాండు ఎక్కడ వేయాలో తెలియాలి, ప్రొడక్షన్ వాళ్లకి టిఫిన్ బండి ఎక్కడ ఆపాలో తెలియాలి, హీరోయిన్ మేకప్ ఎన్నింటికి అయిపోవాలో తెలియాలి. ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే వందమందైనా నీ వెనక నడుస్తారు. చెప్పలేకపోతే నీ ఫ్రేములు ఎంత గొప్పవైనా పదకొండింటికల్లా సెట్టు చేయి దాటిపోతుంది.

అందుకే ముందు నీ రెక్కీ (లొకేషన్ చూసిరావడం) గురించి మాట్లాడాలి. సెప్టెంబర్ చివర్లో వెళ్లొచ్చాం, ఫొటోలున్నాయి అన్నావు. ఆ ఫొటోలు గోడల రంగు చూసుకోవడానికి పనికొస్తాయి, వెలుతురుకి పనికిరావు. సెప్టెంబర్ చివర సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచి, కోనసీమలో మధ్యాహ్నానికి 73 డిగ్రీల ఎత్తుకి ఎక్కుతాడు. జనవరి మూడో వారంలో తూర్పుకి 20 డిగ్రీలు దక్షిణంగా జరిగి పొడుస్తాడు, నడిమధ్యాహ్నం కూడా 53 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. రోజంతా దక్షిణం వైపు నుంచే వాలి పడతాడు.

ఈ ఇరవై డిగ్రీల తేడా మండువాలో ఏం చేస్తుందో లెక్క వేసి చూడు. దక్షిణం వైపు చూరు నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తులో ఉందనుకో. సెప్టెంబర్ మధ్యాహ్నం దాని నీడ లోగిట్లోకి రెండున్నర అడుగులు కూడా రాదు. జనవరిలో అదే నీడ ఆరడుగులు వస్తుంది. పన్నెండడుగుల లోగిలైతే సగం నీడ, సగం ఎండ. ఆ ఆరడుగులన్నది మధ్యాహ్నం లెక్క, పొద్దునా సాయంత్రమూ ఇంకా పొడుగు. అంటే దక్షిణపు సగానికి ఆ రోజుల్లో దాదాపుగా ఎండ తగలదు. నువ్వు సెప్టెంబర్ ఫొటో చూసి "హీరో ఇక్కడ ఎండలో తల తుడుచుకుంటూ" అని రాసుకున్న చోట ఎండే ఉండదు.

చెడ్డవార్తలా వినపడుతుంది గానీ నీకిది వరం. కెమెరా తీసుకెళ్లి ఉత్తరపు వసారాలో పెట్టు, దక్షిణం వైపు చూడు. ఆర్టిస్టును ఎండ పడే సగంలో, నీ వైపు తిరిగి నిలబెట్టు. సూర్యుడు వీపు మీద, భుజాల అంచున, జుట్టు మీద. వెనకాల దక్షిణపు వసారా నీడలో చీకటిగా ఉంటుంది కాబట్టి మనిషి ముందుకు వస్తాడు. మొహానికి వెలుతురు ఎవరిస్తారంటావా? నీ వెనక ఉత్తరపు గోడ ఉంది చూడు, సున్నం కొట్టినది, ఎండ నేరుగా పడి తెల్లగా మెరుస్తున్నది. అంతకన్నా పెద్ద రిఫ్లెక్టర్ ఏ అద్దె యూనిట్లోనూ దొరకదు. ఇల్లుగలాయన షూటింగ్ కోసమని ఆ గోడకి పసుపు రంగో ఆకుపచ్చో వేయించేలోపు ఫోన్ చేసి ఆపు. ఆకుపచ్చ గోడ ముందు ఏ మొహమైనా కామెర్లు వచ్చినట్టుంటుంది.

మరి రివర్స్, అంటే ఎదుటి వైపు షాట్? అదే తిప్పలు. ఉత్తరం వైపు చూస్తే ఆ తెల్లగోడే ఇప్పుడు మనిషి వెనక మండిపోతుంటుంది. అందుకని ఆ వైపు షాట్లు పొద్దున్నే, సూర్యుడు తూర్పు పెంకుల మీదుగా లోగిట్లోకి దిగేలోపు, సుమారు తొమ్మిది లోపు ముగించెయ్. అప్పుడు లోగిలంతా ఒకే మెత్తటి వెలుతురులో ఉంటుంది. ఆ తర్వాత కెమెరా తిప్పి దక్షిణం చూడు. సంభాషణ వరసలో తీయాలని డైరెక్టరు పట్టుబట్టవచ్చు. ఒకే సీన్ అయినా ఒక వైపు షాట్లన్నీ ఒక పూట, రెండో వైపువి ఇంకో పూట తీద్దామని ముందురోజు రాత్రే ఒప్పించుకో. సెట్లో అడిగితే ఒప్పుకోడు, ఒప్పుకున్నా మనసులో పెట్టుకుంటాడు.

కాబట్టి షూటింగ్‌కి పది రోజుల ముందు నువ్వొక్కడివే మళ్లీ వెళ్లు. డైరెక్టరు వద్దు, మేనేజరు వద్దు. ఒక పుస్తకం, ఫోన్లో దిక్సూచి చాలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ ఇంట్లోనే కూర్చో. గదికో పేజీ రాయి: ఏ కిటికీలోంచి ఎన్నింటికి ఎండ వస్తుంది, ఎక్కడ పడుతుంది, ఎన్నింటికి పోతుంది. వంటింటి పొగగూటిలోంచి పదిన్నరకి ఒక గీత పడి పావుగంటలో మాయమవచ్చు. అలాంటిది పుస్తకంలోకి ఎక్కితే సీనే అక్కడికి వస్తుంది. ఆ ఊళ్లో జనవరి పొద్దుటి మంచు ఎన్నింటిదాకా ఉంటుందో టీకొట్టు ఆయన్ని అడిగి అదీ రాసుకో. గూగుల్ కన్నా ఆయనకి బాగా తెలుసు.

ఆ పుస్తకం పట్టుకుని కో-డైరెక్టరు దగ్గర కూర్చో. షెడ్యూల్ వేసేది ఆయన. ఆయన లెక్కంతా ఆర్టిస్టుల కాల్‌షీట్ల మీద నడుస్తుంది. నీ లెక్క సూర్యుడి కాల్‌షీట్. రెండూ కలవని రోజులు ఉంటాయి, అక్కడ నువ్వు తగ్గు. కానీ రోజుకి ఒక్క షాటైనా "ఇది ఈ గంటలోనే, ఇంకెప్పుడూ కుదరదు" అని అడిగి దక్కించుకో. మిగతావాటికి సర్దుకుపోతావని తెలిస్తే ఆ ఒక్కదానికి ఆయనే కాపలా కాస్తాడు.

రోజు లోపల వరసకి నేను పాటించే సూత్రం మోటుది: వైడ్ షాట్లు సూర్యుడివి, క్లోజప్‌లు మనవి. వైడ్‌లో పది ఎకరాల కొబ్బరితోట కనపడుతుంటే దాన్ని ఏ స్కిమ్మరూ (ఎండని మెత్తబరిచే పల్చటి గుడ్డ ఫ్రేమ్) కప్పలేదు. క్లోజప్‌లో కనపడేది మూడడుగుల మనిషి, వాళ్లని మధ్యాహ్నం పన్నెండున్నరకి కూడా సాయంత్రంలా చూపించొచ్చు. కాబట్టి మంచి వెలుతురు ఉన్నంతసేపు దూరం షాట్లు, ఎండ ముదిరాక సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే షాట్లు), క్లోజ్‌లు.

అయితే సంధ్యవేళ ఈ సూత్రం తిరగబడుతుంది. అది తెలియకే నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. నా రెండో సినిమా. గోదావరి గట్టున సూర్యుడు మునిగాక హీరో హీరోయిన్ విడిపోయే సీను. తొమ్మిది షాట్లు రాసుకున్నాం. మన అక్షాంశాల్లో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు, యూరప్‌లోలాగా గంటసేపు వేలాడడు. మునిగిన దగ్గర్నించి ఆకాశంలో పనికొచ్చే వెలుతురు ఉండేది ఇరవై, ఇరవై మూడు నిమిషాలు. నేను అందులో పదహారు నిమిషాలు ఒక క్రేన్ షాట్‌కి తగలేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత చూస్తే ఆ అమ్మాయి కన్నీళ్లు పెట్టుకున్న క్లోజప్‌కి వెలుతురు లేదు. మర్నాడు మధ్యాహ్నం నల్లగుడ్డ కింద, నీలం జెల్లీ (రంగు ప్లాస్టిక్ కాగితం) వేసిన లైటుతో మళ్లీ ఏడిపించాం. డీఐలో, అంటే చివర్న రంగులు సరిచేసే దగ్గర, కలరిస్టు రెండు రోజులు కుస్తీ పట్టాడు. అయినా ఆ నాలుగు షాట్లు అతికించినట్టే ఉంటాయి, టీవీలో వచ్చినప్పుడు మా ఆవిడ కూడా పట్టేస్తుంది. సంధ్యవేళ మొహాలు ముందు తీసుకో. ఆకాశం వెలుగుతున్నంతసేపు క్లోజ్‌లు అయిపోనివ్వు. వైడ్‌కి మనుషులు నల్లటి బొమ్మల్లా ఉన్నా ఫరవాలేదు, ఆ నలుపే బాగుంటుంది. పైగా ఆ ఒక్క సీన్‌ని రెండు సాయంత్రాలకి పంచు. మొదటిరోజు అదే చోట అదే వేళకి రిహార్సల్ పెట్టు, ట్రాలీ పట్టాలు నాలుగింటికే వేయించు.

మధ్యాహ్నం సంగతి. లోగిట్లో ఎండ పడే సగంలో క్లోజ్‌లు తీయాల్సివస్తే స్కిమ్మర్ కట్టాలి. పన్నెండు బై పన్నెండు ఫ్రేమ్ అయితే మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక తెరచాపలా ఎగురుతుంది, నలుగురు పట్టుకున్నా ఆగదు. మండువాలో ఫ్రేమ్ అక్కర్లేదు. నాలుగు చూర్ల దూలాలకి తాళ్లు కట్టి, తెల్ల మల్లు గుడ్డ పందిరిలా లాగి కట్టు. ఇదేం నా తెలివి కాదు. 1956 నాటి సత్యజిత్ రాయ్ సినిమా "అపరాజితో"కి కాశీలోని ఒక ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్టుగా వేసినప్పుడు కెమెరామన్ సుబ్రత మిత్ర ఇదే ఇరకాటంలో పడ్డాడు. నిజమైన లోగిట్లో వెలుతురు ఆకాశం మొత్తం నుంచి దిగుతుంది, నీడలు పడవు. స్టూడియో లైట్లు నేరుగా కొడితే మనిషికి నాలుగు నీడలు. ఆయన లోగిలి పైకప్పుగా తెల్లగుడ్డ పరిపించి, లైట్లను కింద నుంచి ఆ గుడ్డ మీదకి కొట్టించి, తిరిగి దిగే వెలుతురుతో తీశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఐదు దాటలేదు. నీకన్నా చిన్నవాడు. బౌన్స్ అని ఇవాళ మనం థర్మాకోల్ షీట్ పట్టుకుని రోజుకి యాభైసార్లు అనే మాట వెనక ఆ గుడ్డ ఉంది. నీ దగ్గర నిజమైన లోగిలే ఉంది, ఆకాశం ఉచితం, గుడ్డ ఒకటే కొనాలి.

ఒక జాగ్రత్త: గుడ్డ కింద మొహం మెత్తబడుతుంది గానీ కళ్ల కింద నీడ మిగులుతుంది, ఎందుకంటే వెలుతురు ఇంకా పైనుంచే వస్తోంది. ఆర్టిస్టు నడుము ఎత్తులో ఒక థర్మాకోల్ వాల్చి పెట్టు. మరీ దగ్గరగా వద్దు, గడ్డం కింద వెలిగితే దెయ్యం సినిమా అవుతుంది.

ఇక గదులు. పాత ఇళ్ల గదులు చీకటి, కిటికీలు చిన్నవి. కొత్తవాళ్లు చేసే తప్పు, కిటికీ బయట లైటును ఊచలకి ఆనించినట్టు పెట్టడం. వెలుతురు దూరం వర్గంలో తగ్గుతుందని చదువుకున్నాం కదా, దాన్ని ఇక్కడ వాడు. ఆర్టిస్టు లైటుకి రెండు మీటర్ల దూరంలో మొదలై రెండు మీటర్లు లోపలికి నడిచాడనుకో. దూరం రెట్టింపైంది, వెలుతురు నాలుగో వంతుకి, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) పడిపోయింది. అదే లైటు ఆరు మీటర్ల అవతల ఉంటే అదే నడకలో ఆరు ఎనిమిదవుతుంది, స్టాపు కూడా తగ్గదు. సూర్యుడు అలా ఉంటాడు కాబట్టే గది పొడుగునా ఎండ ఒకే తీరుగా పడుతుంది. నీ దగ్గర ఉన్న పెద్ద హెచ్ఎంఐని (పగటి రంగు వెలుతురిచ్చే లైటుని) వీలైనంత దూరం, వీలైనంత ఎత్తు తీసుకెళ్లు. వెనక పెరట్లో జాగా ఉందో లేదో రెక్కీలోనే చూసుకో. పక్కింటివాళ్ల అరటితోట అడ్డమైతే వాళ్లతో ముందే మంచిగా మాట్లాడుకో. గెల తెగితే ఆ రోజు షూటింగ్ పంచాయతీలోనే గడుస్తుంది.

ఫ్లికర్, అంటే తెర మీద లైటు మిణుకుమిణుకుమనడం గురించి ఒక్క ముక్క, ఇది తెలియక బోలెడన్ని షాట్లు పోయాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంది. సెకనుకి 24 ఫ్రేముల్లో షటర్ 180 డిగ్రీలు పెడితే ఎక్స్‌పోజర్ 1/48 సెకను, ఆ వందతో లెక్క కుదరదు. షటర్ 172.8 డిగ్రీలకి మార్చు, సరిగ్గా 1/50 అవుతుంది, కుదురుతుంది. చాయ్ హోటల్ సీన్‌లో ట్యూబులైట్లు, ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బులు ఉంటాయి కాబట్టి సినిమా మొత్తం 172.8 లోనే ఉంచేయ్. జనరేటర్ మీద నడిపే రోజు దాని మీటర్లో 50 చూపిస్తోందో లేదో అసిస్టెంటుతో గంటకోసారి చూపించు. ఇంటి వైరింగ్ జోలికి మాత్రం పోకు. ఐదాంపుల ప్లగ్గుకి లెక్క ప్రకారం 1150 వాట్లు దాకా లాగొచ్చంటారు గానీ, ఆ వైర్లు ఎప్పుడు వేసినవో, వాటి మీద ఎన్ని ఎలుకలు పళ్లు పెట్టాయో ఎవరికి తెలుసు? ఫోన్ ఛార్జింగ్ తప్ప దేనికీ ఆ ప్లగ్గులు వాడొద్దని మొదటిరోజే చెప్పెయ్.

కొబ్బరితోట చూడ్డానికి స్వర్గం, తీయడానికి నరకం. ఆకుల సందుల్లోంచి చిల్లులు చిల్లులుగా ఎండ పడి మొహం చిరుతపులిలా అవుతుంది, గాలికి ఆ మచ్చలు కదులుతాయి, రెండు షాట్లు కలవవు. ఎనిమిదిలోపు తీయి, మంచుంటే ఇంకా మంచిది. లేదా తోట అంచున, మనిషిని చెట్ల నీడలో పూర్తిగా ఉంచి, వెనకాల ఎండ పడే కాలువ కనపడేట్టు. ఇంక దాని గురించి చెప్పడానికేం లేదు.

చర్మం, బట్టలు. ఇది మన సినిమాల్లో ఎప్పట్నించో ఉన్న తలనొప్పి. పల్లెటూరి కథ, మనుషులు నల్లటివాళ్లు, కట్టేవి తెల్ల పంచెలు. తళతళలాడే తెల్లపంచె మొహం కన్నా మూడు స్టాపులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వెలుగుతుంది. మొహం కోసం ఎక్స్‌పోజర్ పెంచితే పంచె కాలిపోతుంది, పంచె కాపాడితే మొహం బొగ్గవుతుంది. అప్పుడు మేకప్ ఆయన వచ్చి "రెండు కోట్లు వేసేస్తా సార్" అంటాడు. వద్దను. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు అవుతుంది, ఆ పాపం డీఐలో కూడా పోదు. కాస్ట్యూమ్ వాళ్లని పట్టుకుని తెల్లబట్టలన్నీ టీ డికాక్షన్లో ముంచి తీయించు. కంటికి తెల్లగానే కనపడతాయి, కెమెరాకి స్టాపు దాకా దిగొస్తాయి. వాడిన బట్టలా కూడా ఉంటాయి కాబట్టి డైరెక్టరూ సంతోషిస్తాడు. ఇక నల్లటి మొహానికి ఎక్కువ లైటు కొట్టడం మానేసి, పెద్ద మెత్తటి లైటును పక్కనుంచి పెట్టు. నల్లటి చర్మం మీద అందం మెరుపులో ఉంటుంది. పెద్ద వెలుతురు ఆ చెంప ఎముక మీద పొడుగ్గా జారుతుంది. వెనక గోడని మొహం కన్నా కొంచెం చీకటిగా ఉంచు, చాలు. మనిషి వెలుగుతాడు.

రాత్రి సీన్లు నాలుగే అన్నావు కాబట్టి ఎక్కువ చెప్పను. వెన్నెల అంటే అందరూ నీలం జెల్లీ కోసం పరిగెడతారు. 1957లో "మాయాబజార్" నలుపు తెలుపు సినిమా, అందులో నీలం ఎక్కడుంది? అయినా దాని కెమెరామన్ మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెలని ఇవాళ్టికీ వెన్నెలనే అంటున్నాం. వెలుతురు ఒకవైపు నుంచే రావడం, వెనక నుంచి రావడం, నీడలు నీడలుగా మిగలడం, అదీ అందులో ఉన్నది. ఒక లైటు ఎత్తున, దూరంగా, వెనకాల. మొహానికి దాని బౌన్స్ కొద్దిగా. ఇంట్లో లాంతరో బల్బో పసుపుగా ఉంటే ఆ పక్కన తెల్లలైటు కూడా చల్లగా కనపడుతుంది, జెల్లీ లేకుండానే. రాత్రి తడినేల మీద కేబుళ్లు ఉంటే జాయింట్లన్నీ ఇటుకల మీదకి ఎత్తించు, ప్రతి స్టాండుకీ ఇసుక మూట వేయించు. ఇది నువ్వే కళ్లారా చూసుకోవాలి, ఇంకొకరి మీద వదలొద్దు.

ఇప్పుడు నువ్వు అసలు భయపడుతున్న దగ్గరికి వద్దాం, మనుషులతో మాట్లాడటం.

లైట్‌మెన్ నీకన్నా వయసులో, అనుభవంలో పెద్దవాళ్లు. వాళ్ల చీఫ్ నువ్వు పుట్టక ముందు నుంచి లైట్లు మోస్తూ ఉండొచ్చు. మొదటిరోజు పొద్దున్నే వెళ్లి "అన్నా, ఈ సినిమా నాకు మొదటిది, ఇల్లు నేను చూసి వచ్చాను, లైట్లు నీకు తెలుసు" అని చెప్పి ఆ పుస్తకం చూపించు. చిన్నతనం అనుకోకు. ఆ తర్వాత చెప్పేటప్పుడు మాత్రం విశేషణాలు మానేయ్. "కొంచెం సాఫ్ట్‌గా కావాలి", "మూడ్ రావాలి" అంటే ఆయన ఏం చేయాలి? "స్కిమ్మర్ రెండడుగులు ముందుకి", "ఆ కట్టర్ గోడ మీద నీడ కిటికీ అంచుదాకా దించు" అను. మూడ్ నీ బుర్రలో ఉండాలి, నోట్లోంచి అడుగులు, అంగుళాలు రావాలి. ఒక షాట్‌కి మూడుసార్లకి మించి లైటు కదిలించావంటే నీకే తెలియదని సెట్టంతా గ్రహిస్తుంది. రెండోసారికే ఆగి, అందరినీ టీకి పంపి, ఐదు నిమిషాలు ఒక్కడివే ఆ గదిలో నిలబడు.

టేకులో ఫోకస్ సర్దే ఫోకస్ పుల్లర్‌ని ఇబ్బంది పెట్టే ఫ్యాషన్ ఒకటుంది, అంతా లెన్సు రంధ్రం ఫుల్ ఓపెన్‌లో తీయడం. 50 ఎంఎం లెన్సు, ఆరడుగుల దూరం, టీ2 (ఈ అంకె చిన్నదైతే లెన్సు ఎక్కువ తెరుచుకున్నట్టు) పెడితే ఫోకస్‌లో ఉండేది ఐదంగుళాల చిల్లర. ఆర్టిస్టు డైలాగు చెబుతూ ముందుకి వంగితే అయిపోయింది. టీ4 పెడితే దానికి రెట్టింపు జాగా, టేకులు సగం. కొత్త ఆర్టిస్టులు, మార్కు మీద నిలబడటం అలవాటు లేనివాళ్లు ఉన్న సినిమాలో నీ మసక బ్యాక్‌గ్రౌండ్ కోసం వాళ్ల మంచి టేకు పోగొట్టకు. పైగా అంత అందమైన ఇల్లు వెతికి పట్టుకుని దాన్ని మసకగా చూపించడమేంటి? ఫోకస్ పోతే మైకులో అరవకు. కుర్రాడి దగ్గరికి నడిచి వెళ్లి చెవిలో అడుగు, ఏ మాటకి పోయిందో వాడికే తెలుసు.

ఆర్టిస్టులతో తక్కువ మాట్లాడు. "ఇటు తిరగండి, నీడ పడుతోంది" అని నాలుగుసార్లు అంటే ఆ మనిషి డైలాగు మర్చిపోయి లైటు గురించి ఆలోచిస్తాడు. వాళ్లు ఎక్కడ సహజంగా ఆగుతున్నారో రిహార్సల్లో చూసి లైటునే అక్కడికి మార్చు. పెద్ద నటులకి ఈ బాధ లేదు, చెంప మీద వేడిని బట్టి లైటు వెతుక్కుంటారు. మిగతావాళ్లకి నేల మీద చిన్న చింతగింజ పెట్టు. టేపు కనపడుతుంది, గింజ కాలికి తగులుతుంది.

డైరెక్టరు. ఇద్దరూ కొత్తవాళ్లు కాబట్టి జాగ్రత్తగా విను. ఆయన "షాట్ అదిరిపోవాలి" అంటాడు, అందరూ అంటారు. ఆ మాటకి క్రేన్ తెప్పించకు. "ఈ సీన్‌లో మనం ఎవరి పక్కన కూర్చున్నాం?" అని అడుగు. తండ్రి పక్కనా, కూతురి పక్కనా? జవాబొస్తే కెమెరా ఎటు చూడాలో దానంతటదే తేలుతుంది. జవాబు రాకపోతే ఇద్దరూ కూర్చుని సీన్ పేపరు మళ్లీ చదవండి. అంతే తప్ప ఆ ఖాళీని నువ్వు లెన్సులతో పూడ్చకు. విభేదిస్తే మానిటర్ దగ్గర వద్దు, కారులో. నిర్మాత పక్కనుంటే అసలే వద్దు. ఆయన మాటే నెగ్గిన షాట్‌ని కూడా నీ సొంత షాట్‌లా కష్టపడి తీయి. సగం మనసుతో తీసి "చెప్పాను కదా" అనేవాణ్ణి ఎవరూ రెండోసారి పిలవరు. నా అసోసియేట్ ఒకడు అలాగే ఆగిపోయాడు, నాకన్నా కన్ను మంచిది వాడికి.

మానిటర్ గురించి: ఎండలో అది అబద్ధం చెబుతుంది. నల్లగుడ్డ కప్పుకుని చూడు, ఎక్స్‌పోజర్‌కి వెలుతురు మోతాదుని రంగుల్లో చూపే ఫాల్స్ కలర్‌ని నమ్ము. సినిమా మొత్తానికి ఒకటే లట్ (మానిటర్లో రంగుల తీరు మార్చే సెట్టింగు) పెట్టుకో, రోజుకొకటి మార్చకు. లేకపోతే ఎడిటింగ్‌లో నీ సినిమా చూసి నువ్వే కంగారు పడతావు.

ఇక కెమెరా. అలెక్సా మినీనా, వెనిస్సా అని అడిగావు. రెండూ నీకు సరిపోతాయి. వెనిస్‌లో 2500 రెండో బేస్ ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో తీయడానికి) ఉంది కాబట్టి లాంతరు సీన్లకి హాయి. మినీ 800 ఐఎస్ఓ దగ్గర చర్మం రంగు బాగా ఇస్తుంది, చిన్నది, పాత ఇంటి గుమ్మాల్లో తల తగలదు. ఏది తక్కువ అద్దెకి వస్తే అది తీసుకో. ఆ మిగిలిన డబ్బుతో ఇద్దరు లైట్‌మెన్‌ని ఎక్కువ అడుగు. నిర్మాత ఒక్కడికే ఒప్పుకుంటాడు. ఆ ఒక్కణ్ణి ఆ మల్లు గుడ్డ తాళ్ల దగ్గర పెట్టు.